వ్రాసినది ఒకరు – వేసుకొన్నది మరొకరు

ఈ యేటి సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం ఇమ్మని మా యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, అంతరిక్షం గురించో జన్యువుల గురించో వ్రాద్దామనుకొన్నాను. అలాంటివి ప్రతి సంచికలోనూ వస్తూనే ఉంటాయి. వాటిలో కొన్ని ఎక్కడినుంచి వస్తాయో మనలో మనకు తెలుసు! ఆ "ఎక్కడినుంచి" అన్న మాట మీదనే ఈసారి వ్రాస్తున్నాను. ఒకరు వ్రాసి ఇంటర్నెట్‌లో పెట్టిన దానిని ఇంకొకరు ఎత్తుకొనిపోయి, పేరు చెరిపేసి, తమ వెబ్‌సైటులో వేసుకోవడం గురించి. ఇది పెద్ద రచయితల గొడవ, మనకెందుకని అనుకోవద్దు. నాకు జరిగింది గనుకనే చెబుతున్నాను.

మాది గోదావరి డెల్టాలో కాలువ చివరి ఊరు. మూడున్నర ఎకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు చేలో చూసినవీ, నాన్నగారు చెప్పినవీ, పుస్తకంలో చదివినవీ కలిపి తెలుగులో వ్రాసి, ఇంటర్నెట్‌లో నాకంటూ పెట్టుకొన్న ఒక చిన్న పుటలో వేస్తుంటాను. దానివల్ల నాకు పైసా రాదు. చదివేవాళ్ళు కూడా ఎక్కువమంది కారు.

2024 ఫిబ్రవరి. దాళ్వా నాట్లు పడి మూడు వారాలైంది. మా పల్లపు చేలో ఒక మూల పైరు గిడసబారిపోయింది. ఆకు మధ్య ఈనె తెల్లబారి, ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చాయి. నాన్నగారు ఒక ఆకు తుంచి బొటనవేలి మీద పరచి, "జింకు తక్కువైందిరా" అన్నారు. ఆ వేలి మీద ఎప్పుడో కొడవలి తెగిన గాటు ఉంటుంది. ఆ ఆకును ఆ వేలితో సహా ఫోటో తీశాను. ఆ రాత్రే జింకు లోపం గురించి వ్యాసం వ్రాసి పెట్టేశాను.

అందులో ఒక తప్పు చేశాను. జింక్ సల్ఫేట్ రెండు విధాలుగా వాడతారు. ఆఖరి దమ్ములో నేలకు వేసేదైతే ఎకరాకు 20 కిలోలు. పైరు మీద కొట్టేదైతే లీటరు నీటికి 2 గ్రాములు, అయిదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు. నిద్రమత్తులో నేను ఈ ఇరవైని ఆ రెండు ఉండవలసిన చోట పెట్టి, "లీటరుకు 20 గ్రాములు" అని వ్రాశాను. రెండు రోజుల తర్వాత మా చెల్లెలు ఆ వ్యాసం నాన్నగారికి చదివి వినిపిస్తే, ఆయన హాస్టలుకు ఫోను చేసి, "ఏరా, చేలు తగలెట్టిస్తావా?" అన్నారు. గుండె గుభేలుమంది. ఆ నిమిషంలోనే దిద్దాను. దిద్దిన సంగతి పైన ఎర్రక్షరాలతో వ్రాశాను కూడా. ఇక పీడ వదిలిందనుకొన్నాను.

మరో పన్నెండు రోజులకు మా మేనత్తగారి ఊరినుంచి ఒక రైతు మా ఇంటికి వచ్చారు. నేనూ ఆ ఆదివారం ఇంటి దగ్గరే ఉన్నాను. అరెకరంలో జింకు కొట్టారట. మర్నాటికల్లా ఆకుల కొసలు మాడిపోయాయట. ఫోను తీసి చూపించారు. అది నా పుట కాదు. ఏదో వ్యవసాయ సమాచారమంటూ నడుస్తున్న వెబ్‌సైటు. పైన అప్పులిస్తామనే ప్రకటన, కింద ఇంకేదో ప్రకటన. మధ్యలో మాటలన్నీ నావి. ఫోటోలో వేలు మా నాన్నగారిది. వ్యాసం కింద పేరు ఎవరిదో. అందులో 20 గ్రాములు అలాగే ఉంది.

నిజం చెప్పాలి. నా కంటికి ముందు కనబడింది నా పేరు లేకపోవడమే. ఒళ్ళు మండిపోయింది. నాన్నగారు మాత్రం ఆ ఇరవైనే చూశారు. "పేరు తీసేశాడు సరే, తప్పు నీదే కదరా" అన్నారు. తర్వాత ఆ రైతుతో, చేలో పాత నీళ్ళు తీసేసి కొత్త నీళ్ళు పెట్టమనీ, ఇక కొన్నాళ్ళపాటు దానిమీద ఏ మందూ కొట్టొద్దనీ చెప్పి పంపించారు. ఆ చేను కోలుకొంది గాని, పిలకలు తగ్గాయి. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అనివుంటే బాగుండేది.

అప్పటినుంచీ ఈ వ్యవహారాన్ని శ్రద్ధగా చదివాను. తెలుసుకొన్నది మీతో పంచుకొంటాను.

ఎలా ఎత్తుకుపోతారు?

మొదట నేను ఎవడో కూర్చొని నా వ్యాసాన్ని కాపీ చేసుకొన్నాడనుకొన్నాను. తర్వాత చూస్తే, నేను వేసిన నలభై నిమిషాలకే అది అక్కడ వెలిసింది. అర్ధరాత్రి దాటాక నా వ్యాసం కోసం మేలుకొని ఉండే మనిషి ఈ లోకంలో లేడు! అది యంత్రం చేసిన పని. చాలా వెబ్‌సైట్లు కొత్తగా ఏది వేసినా పాఠకులకు తెలియడానికి ఒక "ఫీడు" తయారుచేస్తాయి. వార్తాపత్రికకు ఏజెంటు ఉన్నట్టు, దానిద్వారా కొత్త వ్యాసం కోరినవారికి చేరుతుంది. దొంగ సైటు నడిపేవాడు ఒక ప్రోగ్రాము పెట్టి, ఇలాంటి ఫీడులు వందలకొద్దీ పట్టి, వచ్చింది వచ్చినట్టు తన సైటులో కుమ్మరిస్తాడు. పక్కన ప్రకటనలుంటాయి. చూసిన ప్రతి కంటికీ అతనికి కొంత ముడుతుంది. అందులో ఏముందో అతను చదవడు. వరి గురించో వంకాయ పులుసు గురించో కూడా అతనికి తెలియదు.

ఇంకొకరకం వాళ్ళు కాస్త తెలివైనవాళ్ళు. మాటలు మార్చే యంత్రంలో వేసి తిప్పుతారు, దొరక్కుండా ఉండడానికి. నా వ్యాసాన్నే అలా తిప్పిన ఒక సైటులో, "పిలకలు తగ్గుతాయి" అన్న చోట "జుట్టు ముడులు తగ్గుతాయి" అని ఉంది. నవ్వు వచ్చింది గాని, ఆ పక్కనే ఇరవై గ్రాములు కూడా ఉంది. మాటలు మార్చారు గాని అంకె మార్చలేదు.

జీవశాస్త్రం చదివే మిత్రులకు ఒక మాట. మన కణంలో డి.ఎన్.ఏ. నకలు తీసే ఎంజైము తాను వ్రాసింది తానే వెనక్కి తిరిగి సరిచూసుకొంటుంది. అందుకే దాని చేతిలో కోటి అక్షరాలకు ఒక తప్పు మాత్రమే మిగులుతుందని మన పాఠంలో ఉంది. ఈ సైట్ల నకళ్ళలో ఆ సరిచూసే పనే లేదు. నేను నా పుటలో దిద్దితే ఆ దిద్దుబాటు అక్కడికి వెళ్ళదు. అడుగుదామంటే అక్కడ వ్రాసినవాడు లేడు. మనం దీన్ని మామూలుగా రచయితకు జరిగిన అన్యాయమనే చూస్తాం. నాకు ఆ మాడిన ఆకులు చూశాక, చదివేవాడికి జరిగేదే ఎక్కువనిపిస్తోంది.

పాత కథే

ఇది ఇంటర్నెట్‌తో పుట్టిన జబ్బు కాదు. ఇంగ్లండులో 1710లో వచ్చిన ఆన్ రాణి చట్టానికి ముందు, పుస్తకం మీద పెత్తనం ప్రచురణకర్తల సంఘానిదే. వ్రాసినవాడికి హక్కు ఉంటుందని చెప్పింది ఆ చట్టం. అయినా సముద్రం దాటితే అది చెల్లేది కాదు. చార్లెస్ డికెన్స్ నవలలను అమెరికా ప్రచురణకర్తలు ఆయనకు హక్కు కింద దమ్మిడీ ఇవ్వనక్కరలేకుండా అచ్చువేసి అమ్ముకొన్నారు. 1842లో ఆయన అమెరికా వెళ్ళినప్పుడు సభల్లో ఈ మాట ఎత్తితే, అక్కడి పత్రికలు చాలా ఆయననే డబ్బు మనిషని తిట్టాయి. పరదేశపు రచయితలకు అమెరికా హక్కు ఇచ్చింది 1891లో. అప్పటికి డికెన్స్ పోయి ఇరవై ఒక్క సంవత్సరాలు.

దొంగను పట్టే ఉపాయాలూ పాతవే. 1930ల్లో అమెరికాలో ఒక పటాల కంపెనీ న్యూయార్కు రాష్ట్రం పటంలో "ఆగ్లో" అనే లేని ఊరును కావాలని వేసింది. ఆ పేరు ఇంకొకరి పటంలో కనబడితే, మాది చూసి గీశారని చెప్పవచ్చు గదా! తర్వాత అది ఇంకో కంపెనీ పటంలో కనబడనే కనబడింది. తీరా నిలదీస్తే, ఈలోగా ఎవరో మొదటి పటం చూసి ఆ చోట ఆ పేరుతోనే ఒక దుకాణం పెట్టారని తేలింది. ఇక మన కాలంలో జీనియస్ అనే పాటల సైటు, తన పాటల మధ్య వచ్చే చిన్న కొమ్ములను కొన్నిచోట్ల నిటారుగా, కొన్నిచోట్ల వంపుగా పెట్టి, మోర్సు సంకేతంలో "రెడ్ హ్యాండెడ్" అని వచ్చేటట్లు చేసింది. ఆ కొమ్ములు గూగుల్‌లో అలాగే కనబడ్డాయని 2019లో బయటపెట్టి దావా వేసింది. తీరా కోర్టులో నెగ్గలేదు. ఎందుకంటే ఆ పాటల హక్కు జీనియస్‌ది కాదు, పాటలు వ్రాసినవాళ్ళదీ వారి ప్రచురణకర్తలదీ. అంటే దొంగను పట్టడం వేరు, సొత్తు మనదని రుజువు చేయడం వేరు.

నా విషయంలో లేని ఊరును సృష్టించే పని లేకపోయింది. నా ఇరవై గ్రాముల తప్పే నాకు సాక్ష్యం. జింకు గురించి వ్రాసేవాడెవడూ సొంతంగా ఆ తప్పు అదే వాక్యంలో చేయడు. పైగా నాన్నగారి వేలి గాటు ఒకటి.

చట్టం ఏమంటుంది?

మనదేశంలో అమల్లో ఉన్నది 1957 నాటి కాపీరైటు చట్టం, ఆ తర్వాతి సవరణలతో. నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఏమంటే, దీనికి రిజిస్టరు చేయించుకోవడం తప్పనిసరి కాదు. సొంతంగా వ్రాసి కాగితం మీదనో కంప్యూటరులోనో పెట్టిన క్షణంనుంచే హక్కు వస్తుంది. అది రచయిత జీవితకాలమూ, ఆ పైన 60 సంవత్సరాలూ ఉంటుంది. (1992 దాకా 50 ఉండేది. రవీంద్రుని రచనల గడువు తీరిపోతున్న సమయంలో మరో పది పెంచారు.) ఫోటో తీసినవాడికీ హక్కు ఉంటుంది. అంటే ఆ ఆకు ఫోటో నాది. వేలు మాత్రం నాన్నగారిదే!

57వ సెక్షను నాకు బాగా నచ్చింది. హక్కులన్నీ ఎవరికైనా అమ్మేసుకొన్నా సరే, "ఇది నేను వ్రాసింది" అని చెప్పుకొనే హక్కు రచయితకు మిగిలే ఉంటుందట. తన పేరుకు మచ్చ వచ్చేటట్లు రచనను వికృతం చేస్తే అడ్డుకోవచ్చునట కూడా. తెలిసి హక్కును ఉల్లంఘిస్తే 63వ సెక్షను కింద ఆరు నెలలనుంచి మూడేళ్ళవరకు శిక్ష, యాభైవేలనుంచి రెండు లక్షలవరకు జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరమని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అయినా ఏ దేశంలో ఉన్నాడో తెలియని వాడిమీద ఒక రైతుబిడ్డ కోర్టుకెక్కడం అయ్యేపని కాదు. అందుచేత నేను వేరే దారి పట్టాను.

ఏం చేశాను?

ముందు సాక్ష్యం భద్రం చేసుకోవాలి. మనం ఉత్తరం వ్రాయగానే వాళ్ళు పుట మార్చేసి, అసలలాంటిదేమీ లేదనవచ్చు. పూర్తి చిరునామా, తేదీ కనబడేటట్లు తెర ఫోటోలు తీశాను. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ పాత పుటలను దాచిపెడుతుంది. అందులో నా పుటనూ వాళ్ళ పుటనూ రెంటినీ దాచే ఏర్పాటు చేశాను. బయటి సంస్థ వేసిన తేదీ గనుక దానికి విలువ ఎక్కువ. నా ఫోనులో అసలు ఫోటో, కత్తిరించనిది, ఉంది. వాళ్ళ దగ్గర ఉన్నది కొసలు కోసినది.

తర్వాత ఆ సైటు వాళ్ళకే మర్యాదగా వ్రాశాను. జవాబు లేదు. వారం చూశాను.

అప్పుడు వాళ్ళకు చోటు అద్దెకిచ్చిన కంపెనీని వెతికాను. వెబ్‌సైటు అంటే ఎక్కడో ఒక కంపెనీ యంత్రంలో ఉండవలసిందే. అది ఎవరిదో చూపించే సౌకర్యం నెట్‌లో ఉచితంగానే ఉంది. సైటు యజమాని పేరు దాచుకోవచ్చు గాని, అద్దెకిచ్చినవాడి జాడ సాధారణంగా దొరుకుతుంది. ఒక్కోసారి మధ్యలో తెరలా ఇంకో కంపెనీ ఉంటుంది, అప్పుడు ముందు వాళ్ళకే వ్రాయాలి. నాకు దొరికింది అమెరికా కంపెనీ. ఆ దేశంలో 1998లో చేసిన డి.ఎం.సి.ఏ. చట్టం ప్రకారం, హక్కుదారునినుంచి సరైన నోటీసు అందినా ఆ సరుకును వెంటనే తొలగించకపోతే, చట్టం ఇచ్చే రక్షణ ఆ కంపెనీకి పోతుంది. అందుచేత వాళ్ళు పట్టించుకొంటారు. ఆ నోటీసులో ఉండవలసినవి: నా రచన ఏది, ఎక్కడుంది, నకలు ఏ చిరునామాలో ఉంది, నా పేరూ చిరునామా, ఇది అనుమతి లేని వాడకమని నేను నిజాయితీగా నమ్ముతున్నానన్న మాట, పైవన్నీ నిజమనీ, నేనే హక్కుదారునననీ ప్రమాణం, సంతకం. "మీ సైటు దొంగల అడ్డా" వంటి తిట్లు ఉండకూడదు. మొదటి చిత్తులో నేను వ్రాసిన తిట్లన్నీ మా ఇంగ్లీషు లెక్చరరు గారు కొట్టేశారు. అబద్ధపు నోటీసు ఇస్తే మనమే చిక్కుల్లో పడతామని కూడా చెప్పారు. అవతలివాడు ఎదురు నోటీసు ఇచ్చి, మనం కోర్టుకు వెళ్ళకపోతే, పది పధ్నాలుగు పనిదినాల్లో ఆ పుట తిరిగి రావచ్చు. నావాడు ఇవ్వలేదు. అయిదోరోజున ఆ పుట పోయింది.

మనదేశంలోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. 2013 కాపీరైటు నియమాల్లో 75వ నియమం ప్రకారం ఫిర్యాదు అందిన 36 గంటల్లో మధ్యవర్తి సంస్థ ఆ పుట అందకుండా చేయాలి. కాని 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్ళీ తెరవవచ్చు. సామాన్యుడికి ఆ ఇరవై ఒక్క రోజుల షరతు బరువే.

రెండో సైటు, ఆ జుట్టు ముడుల సైటు, ఉన్న కంపెనీ ఏ ఉత్తరానికీ పలకలేదు. అప్పుడు గూగుల్‌కు పెట్టుకొన్నాను. వాళ్ళు సైటును తీసెయ్యలేరు గాని, వెతికినప్పుడు కనబడకుండా చేయగలరు. చేశారు. అందుకు వాళ్ళ దగ్గర ప్రత్యేకంగా ఒక ఫారం ఉంది. ప్రకటనలిచ్చే కంపెనీకి ఫిర్యాదు చేసినా పనిచేస్తుందంటారు, నేను ఆ దారి పోలేదు.

కుడివైపు మీట నొక్కితే కాపీ కాకుండా చేసే తాళాలు కొందరు పెట్టుకొంటారు. దండగ. యంత్రం మీట నొక్కదు. తాళం వల్ల బాధపడేది, వ్యాసాన్ని దాచుకొందామనుకొన్న మంచి పాఠకుడే.

నా చేతులూ శుభ్రంగా లేవు

నోటీసులో ప్రమాణం చేయవలసి వచ్చినప్పుడు ఒక చిక్కు వచ్చిపడింది. "ఇదంతా నా సొంత రచన" అనాలి. నా వ్యాసం మళ్ళీ చదివితే మూడు వాక్యాలు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పంచాంగంలోవి, దాదాపు మక్కికి మక్కి. వ్రాసేటప్పుడు ఆ పుస్తకం పక్కనే ఉంది. పేరు చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. లీటరుకు 2 గ్రాములన్న సంగతి ఎవరి సొత్తూ కాదు. విషయానికీ ఆలోచనకూ హక్కు ఉండదు, చెప్పిన తీరుకే ఉంటుంది. "హమ్ హిందుస్తానీ" అనే నాటకాన్ని "న్యూఢిల్లీ" అనే సినిమాగా తీశారన్న ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లో చెప్పింది ఇదే. కాని నేను తీసుకొన్నది విషయం మాత్రమే కాదు, ఆ చెప్పిన తీరు కూడాను. ఆ మూడు వాక్యాలూ నా మాటల్లో తిరగవ్రాసి, కింద పంచాంగం పేరు వేశాకే, ఆ మూడు తప్ప మిగిలిన భాగం నాదని నోటీసు పంపాను.

ఇక మన రికార్డు పుస్తకాల సంగతి ఎత్తితే ఈ సంచిక నన్ను మళ్ళీ వ్రాయనివ్వదేమో! సీనియరు రికార్డులో బ్యూరెట్టు రీడింగు తప్పు పడితే, అదే తప్పు మూడు బ్యాచీలు దిగివచ్చిన సంగతి మా ల్యాబులో అందరికీ తెలుసు. పరిశోధన గ్రంథాలకైతే యు.జి.సి. 2018లో నియమాలు చేసింది. పది శాతం దాకా పోలిక ఉంటే ఊరుకొంటారు, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మన రికార్డులకు అలాంటి గొడవ లేదు. ఉంటే మా బ్యాచిలో ఎందరు మిగులుతామో.

ఇప్పుడు నేను వ్రాసే పద్ధతి కొంచెం మార్చుకొన్నాను. ఫీడులో వ్యాసమంతా పంపడం మానేశాను, మొదటి నాలుగు వాక్యాలే వెళతాయి. మోతాదు చెప్పే వాక్యంలోనే, ఆ అంకెను చివరిసారి సరిచూసిన తేదీ, నా పేరు, నన్ను ఎలా అడగాలో ఇరికించి వ్రాస్తున్నాను. అడుగున పెడితే కోసేస్తారు. మధ్యలో ఉంటే యంత్రానికి తెలియదు, తనతోపాటే మోసుకుపోతుంది.

మొన్న జనవరిలో హాస్టలులో ఉండగా ఒక ఫోను వచ్చింది. నిజామాబాదు వైపు రైతు. ఎక్కడో ఏదో సైటులో చదివాడట, సైటు పేరు అడిగితే చెప్పలేకపోయాడు. "మధ్యల నీ పేరున్నది సారూ, లీటరుకు రెండు గ్రాములన్నవు, గంతేనా? దుకాణపాయన ఎక్కువ వెయ్యమంటుండు" అన్నాడు. నన్ను సారు అనవద్దని చెప్పి, రెండే అన్నాను. కలం తెచ్చుకొంటా ఉండమన్నాడు. ఉన్నాను. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పాను.